నిలిచిన బండికీ మేత కావలె



మన ఉరవకొండ ప్రాంతంలో ఒక ట్రాక్టరు ఏడాదికి ఎన్ని రోజులు పనిచేస్తుందో వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. వేసవి దుక్కికి కొన్నాళ్ళు, ఎర్రనేలల్లో శెనక్కాయ విత్తనానికి కొన్నాళ్ళు, నల్లరేగడి ఉన్నవారికి అక్టోబరు, నవంబరు నెలల్లో పప్పుశెనగ విత్తనానికి మరి కొన్నాళ్ళు, పంట ఇంటికి తోలుకోవడానికి ఇంకొన్నాళ్ళు. బాడుగలు బాగా దొరికే బండి సంగతి వేరు. తక్కినవి ఎక్కువ రోజులు వేపచెట్టు కిందనో, రేకుల కొట్టంలోనో నిలిచే ఉంటవి. వాన మొగం చాటేసిన ఏడైతే ఇక చెప్పనక్కరలేదు.

నిలిచిన బండికి ఖర్చు లేదని మనం అనుకుంటాం. ఎద్దుల కాలంలో ఎవరూ ఇట్లా అనుకోలేదు. పని ఉన్నా లేకున్నా ఎద్దు ముందర ఇంత గడ్డి పడవలసిందే, కుడితి తాపవలసిందే. ట్రాక్టరులో ఇంజను మేత అడగదు, గేర్లు అడగవు. కాని సీటు కిందనో, ఇంజను ముందరనో ఒక నల్లపెట్టె ఉన్నది చూడండి, అది మాత్రం పనిలేని రోజున కూడా కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది. మనం పెట్టకపోతే తనను తానే తింటుంది. ఆ పెట్టె పేరు బ్యాటరీ. అది ఎక్కడ పుట్టింది, మన సేద్యంలోకి ఎట్లా వచ్చింది, దానిమీద మనం ఇంతగా ఎందుకు ఆధారపడ్డాం అన్నది ఈ పూట ముచ్చటించుకుందాం.

ముందు నేను కళ్ళారా చూచిన ఒక సంగతి. కొన్ని సంవత్సరాల క్రితం, పునర్వసు కార్తెలో, ఒక రాత్రి మంచి వాన కురిసింది. ఊరంతా ఎదురుచూచిన వాన. మరునాడు పైతడి ఆరగానే గొర్రుకు సరియైన పదును. అందరి బండ్లూ కదిలినవి. ఒక రైతు బండి మాత్రం కదలలేదు. తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు, అంతే. మెకానిక్కు వచ్చి బానెట్టు ఎత్తి చూచినాడు.

“ఏమప్పా, సంక్రాంతికి బాగానే స్టార్టయ్యిండె గదా!” అన్నాడు రైతు.

“సంక్రాంతికి అయ్యింటాది లే న్నా. ఆ తరువాత ఎప్పుడన్నా ముట్టినావా?”

“పనే లేకపాయె, యాల ముట్టాల?”

“అదే, యాల ముట్టాల అంటివి గదా, అందుకే పండుకునింది.”

ఇంకొక ట్రాక్టరుతో లాగి స్టార్టు చేద్దామంటే ఊళ్ళో ఖాళీగా ఉన్న ట్రాక్టరు లేదు. అందరూ చేలల్లో ఉన్నారు. ఉరవకొండ నుండి వేరే బ్యాటరీ తెచ్చి తగిలించేసరికి పొద్దు వాలింది. జూలై నెలలో మన బయళ్ళమీద పడమటిగాలి ఎట్లా తోలుతుందో మీకు నేను చెప్పాలా? ఎర్రగరప నేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ రైతు పది ఎకరాలలో ఆరు ఎకరాలు విత్తినాడు. తక్కిన నాలుగు ఎకరాలూ ఇంకొక వాన కొరకు కాచుకున్నవి. సగటున సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో ఇంకొక వాన అనే మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కథలోకి వద్దాం. 1859వ సంవత్సరంలో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను మధ్యన గుడ్డ పెట్టి చాపచుట్టలాగా చుట్టి, గంధకామ్లం కలిపిన నీటిలో ముంచినాడు. దానికి కరెంటు పెడితే దాచుకున్నది, అడిగితే తిరిగి ఇచ్చింది. అంతకు ముందు ఉన్న బ్యాటరీలు ఒకసారి ఐపోతే పారవేయవలసినవే. మళ్ళీ మళ్ళీ నింపుకొనే గాదె వంటిది ఇదే మొదటిది. 1881లో అదే దేశస్థుడు కమిల్ ఫోర్ అనే ఆయన సీసపు భస్మాన్ని ముద్దగా నూరి రేకులకు మెత్తినాడు. దానితో గాదె పెద్దదైంది, తయారు చేయడం సులువైంది. నేడు మన ట్రాక్టరులో ఉన్నది వీరిద్దరి పెట్టెయే. డబ్బా మారింది, లోహపు మిశ్రమాలు మారినవి, సూత్రం మాత్రం 160 ఏళ్ళు దాటినా మారలేదు.

ఆ సూత్రం మనకు అర్థమైతే సగం జబ్బులు అర్థమైనట్లే. పెట్టెలో రెండు రకాల పలకలు ఉంటవి, ఒకటి సీసం, ఇంకొకటి సీసపు ఆక్సైడు. కరెంటు ఇచ్చేటప్పుడు ఆమ్లంలోని గంధకపు భాగం రెండు పలకలమీదా సీసపు సల్ఫేటుగా పేరుకుంటుంది. ఆమ్లం పలచబడుతుంది. తిరిగి చార్జి చేస్తే ఆ సల్ఫేటు కరిగి మళ్ళీ ఆమ్లంలోకి పోతుంది. ఇదంతా వెంటవెంటనే జరిగితే ఇబ్బంది లేదు. కాని ఖాళీ ఐన బ్యాటరీని వారాల తరబడి అట్లే వదిలితే, బెల్లపు పాకం నిలవ ఉంచితే గడ్డలు కట్టినట్లు, ఆ సల్ఫేటు పెద్దపెద్ద పలుకులుగా గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిందా, ఎంత చార్జి పెట్టినా పూర్తిగా కరగదు. మెకానిక్కులు ‘సల్ఫేటు పట్టింది’ అనేది దీనినే. బ్యాటరీలు పని చేసి అరగడం కొంత, పనిలేక చావడం కొంత. మన కరువు బయళ్ళలో ఈ రెండవ చావు ఎక్కువ.

ఈ పెట్టె బండికి ఎందుకు తప్పనిసరి అయింది? మొదట తప్పనిసరి కాదు. మొదటి మోటారు కార్లను ముందర హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్టు చేసేవారు. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు బ్యాటరీతో తిరిగే సెల్ఫు మోటారును తయారు చేయగా, 1912లో కాడిలాక్ కంపెనీ దానిని తన కార్లలో పెట్టి అమ్మింది. అప్పటినుండి బ్యాటరీ బండికి ప్రాణమైంది. ఐనా హ్యాండిల్ చాలా కాలం పోలేదు. అనంతపురం–బళ్ళారి రోడ్డు మీద పాత లారీలను, బస్సులను తెల్లవారుజామున క్లీనరు ముందర వంగి హ్యాండిల్ తిప్పడం చూచిన పెద్దలు ఇంకా ఉన్నారు. అంబాసిడరు కారు డిక్కీలో కూడా ఒక హ్యాండిల్ పడి ఉండేది.

మన బావుల దగ్గర ఉండిన ఆయిలింజన్లను గుర్తు చేసుకోండి. కిర్లోస్కరు ఇంజనుకు బ్యాటరీ ఎక్కడిది? డీకంప్రెషన్ మీట ఎత్తిపెట్టి, హ్యాండిల్ వేసి నాలుగు చుట్లు తిప్పి మీట వదిలితే ‘డుగు డుగు’ మని అందుకొనేది. బలమైన పిల్లవాడు ఒకడుంటే చాలు. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ వెసులుబాటు పోయింది. ఫరీదాబాదులో 1959లో ఐషర్ ట్రాక్టరు, మద్రాసులో 1960లో స్థాపించిన టాఫే కంపెనీ వారి మాసీ ఫెర్గూసన్, 1963లో మొదలైన మహీంద్రా, ఇట్లా మన దేశంలోనే ట్రాక్టర్లు తయారై నెమ్మదిగా పల్లెలకు చేరినవి. పెద్ద డీజిలింజను, ఎక్కువ ఒత్తిడి. చేతితో తిప్పడం సామాన్యుని వల్ల కాదు. సెల్ఫు తిరిగితేనే బండి, బ్యాటరీ ఉంటేనే సెల్ఫు.

ఇంకొక సంగతి కూడా జరిగింది. వరుస కరువులలో గడ్డి దొరకక ఎద్దులను అమ్ముకున్న ఇండ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నవి. పూర్వం బండి మొరాయిస్తే ఇంటి ఎద్దులు కట్టి గొర్రు తోలేవారు. నేడు చాలా ఊళ్ళలో ఆ రెండవ దారి లేదు. అందుచేత ట్రాక్టరు బ్యాటరీ మన తండ్రుల కాలంలో కంటే ఈ రోజున మనకు ఎక్కువ ముఖ్యం.

పల్లెకు బ్యాటరీ మొదట వచ్చింది ట్రాక్టరుతో కాదు సుమా. కరెంటు లేని ఊళ్ళలో పంచాయతీ రేడియో బ్యాటరీతోనే పలికేది. అది దిగిపోతే ఆ సాయంత్రం వ్యవసాయ కార్యక్రమం లేదు, పాటలు లేవు. ఆనాటి కారు, లారీ బ్యాటరీలను చూచినవారికి గుర్తుండవచ్చు. నల్లని ఎబొనైటు డబ్బా, పైన తారుతో మూసిన మూత, సెల్లుకూ సెల్లుకూ నడుమ బయటికే కనిపించే సీసపు కడ్డీలు. ఆ డబ్బాలు తేమకు, పగుళ్ళకు కొంచెం కొంచెం కారేవి. అందుకని బ్యాటరీని నేలమీద పెట్టరాదు, చెక్కమీద పెట్టవలెనని పెద్దలు చెప్పేవారు. నేటి ప్లాస్టిక్కు డబ్బాకు ఆ భయం లేదు. ఐనా మా ఇంట్లో ఇప్పటికీ చెక్కమీదనే పెడతారు. పెట్టనీయండి, నష్టమేమీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో కలకత్తా దగ్గర శ్యామ్‌నగర్‌లో పెద్ద బ్యాటరీ కర్మాగారం వెలిసింది. చాలాకాలం మనకు అక్కడినుండి, ఇతర దూరప్రాంతాలనుండి వచ్చిన సరుకే దిక్కు. తరువాత మన రాయలసీమ మనిషే ఈ పనికి పూనుకున్నారు. చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగివచ్చిన గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో అమరరాజా కంపెనీని స్థాపించి, తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీల తయారీ చేపట్టినారు. 2000వ సంవత్సరంలో అమరాన్ పేరుతో వాహనాల బ్యాటరీలు బజారులోకి వచ్చినవి. నీళ్ళు పోయనక్కరలేని రకం మన వాడకంలోకి బాగా వచ్చింది ఆ కాలంలోనే.

ఈ ‘నీళ్ళు పోయనక్కరలేని’ అన్న మాట దగ్గర కొంచెం ఆగవలెను. పాతకాలపు పలకలలో సీసానికి గట్టిదనం కొరకు యాంటిమొనీ అనే లోహం కలిపేవారు. దానివల్ల పలక గట్టిపడేది కాని, ఊరక ఉన్నప్పుడు చార్జి త్వరగా దిగిపోయేది, నీరు ఎక్కువ ఇగిరిపోయేది. 1970 తరువాతి కాలంలో యాంటిమొనీ తగ్గించి కాల్షియం కలపడం వాహనాల బ్యాటరీలలో వ్యాపించింది. నీరు తగ్గడం తగ్గింది, దిగిపోవడమూ నెమ్మదించింది. నెమ్మదించింది అన్నాను, ఆగిపోయింది అనలేదు. ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని పైన రాసి ఉంటే నీళ్ళు పోసే పని లేదని అర్థం. మేత అక్కరలేదని కాదు. వేడి పెరిగేకొద్దీ ఈ దిగడం కూడా పెరుగుతుంది. సుమారు 10 డిగ్రీల వేడి పెరిగితే ఇంచుమించు రెట్టింపు అవుతుందని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండలో, రేకుల కింద నిలిపిన బండి గతి ఊహించుకోండి. సరిగ్గా విత్తనానికి ముందే ఆ రెండు నెలలూ వస్తవి.

కార్లున్న ఇండ్లలో ఇంకొక తిండిపోతు ఉన్నది. కొత్త కార్లలో తాళం తీసినా గడియారం, అలారం, చిన్న కంప్యూటర్లు కరెంటు తాగుతూనే ఉంటవి. అది 25 మిల్లీ ఆంపియర్లే అనుకోండి. రోజుకు 0.6 ఆంపియర్ అవర్లు, నెలకు 18. చిన్నకారు బ్యాటరీ మొత్తం 35. అంటే నెల తిరిగేసరికి సగం గాదె ఖాళీ. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయినప్పుడు ఇది చాలామందికి అనుభవమైంది. బెంగుళూరు నుండి పిల్లలు తెచ్చి ఇంటిముందు నిలిపిన కార్లు, తిరిగి పోయేనాటికి పలకలేదు.

ఇప్పుడు తెల్లటి బూజు సంగతి. బ్యాటరీ కొమ్ముల దగ్గర తెల్లగా, నీలిపచ్చగా పూసి ఉంటుంది గదా, చౌడునేల మీద ఉప్పు తేలినట్లు. కొమ్ము మొదట్లోని సందుల నుండి, మూతల నుండి ఆమ్లపు ఆవిరి బయటికి వచ్చి లోహాన్ని తింటే పుట్టేది ఇది. తెల్లనిది సీసపు సల్ఫేటు. నీలిది రాగి క్లాంపునుండి, తీగనుండి పుట్టిన మైలుతుత్తం, మనం సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తెగుళ్ళకు చల్లే మైలుతుత్తమే. (తమాషా ఏమంటే ఆ మిశ్రమం కూడా 1880 దశకంలో ఫ్రాన్సులోనే పుట్టింది.) బూజు చూడడానికి అసహ్యమే కాక కరెంటుకు అడ్డం. లోపల బ్యాటరీ నిండుగా ఉన్నా, క్లాంపుకూ కొమ్ముకూ నడుమ ఈ పొర ఉంటే సెల్ఫుకు కావలసినంత కరెంటు పోదు, ‘టక్’ మని ఊరకుంటుంది. మంచి బ్యాటరీని చెడ్డదని అమ్మేసినవారిని నేను ఎరుగుదును. సెల్ఫు కొట్టి చూచిన వెంటనే క్లాంపు పక్కన చేయి పెట్టి చూడండి, అక్కడ వేడిగా తగిలితే జబ్బు లోపల లేదు, అక్కడే ఉన్నది.

శుభ్రం చేయడం కష్టం కాదు గాని, వరుస తప్పరాదు. బాడీకి కలిపిన తీగను ముందు విప్పాలి. నేటి బండ్లలో అది నెగటివ్, అంటే మైనస్ తీగ. ప్లస్ తీగను ముందు విప్పబోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తవి. ఒకప్పుడు బ్రిటిష్ బండ్లు చాలావాటిలో ప్లస్ తీగనే బాడీకి కలిపేవారు. అందుచేత పాతబండి ఉన్నవారు గుర్తు చూచి, బాడీ తీగ ఏదో తెలుసుకొని విప్పవలెను. తిరిగి బిగించేటప్పుడు బాడీ తీగ ఆఖరున. బీడీ, చుట్ట ఆ చుట్టుపక్కల వద్దు. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుండి వచ్చే హైడ్రోజను వాయువు పేలుతుంది, ఆమ్లం మొగంమీద పడుతుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకొని, మూతలు గట్టిగా ఉన్నవో లేవో చూచుకొని, ఒక లోటా నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి బూజు మీద పోయండి. బుసబుస పొంగుతుంది. పొంగు ఆగేదాకా పోసి, పాత పండ్లబ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి తుడవండి. సోడానీళ్ళు చుక్క కూడా సెల్లులోకి పోరాదు. కొమ్మునూ క్లాంపునూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, ఆ తరువాత పైన వాజలీను పూయండి. కొందరు ముందే గ్రీసు దట్టంగా పూసి దానిమీద క్లాంపు తొడుగుతారు. అది సరి కాదు, లోహానికి లోహం తగలవలె.

నీళ్ళు పోసే రకం ఐతే పలకలు మునిగి ఉండేటట్లు బ్యాటరీ నీళ్ళే పోయాలి. మన బోరునీళ్ళలో ఉన్న ఉప్పులు, ఫ్లోరైడు మన ఎముకలకే మంచివి కావు, పలకలకు ఎట్లా మంచివవుతవి? ఊళ్ళో ప్లాంటు నుండి తెచ్చే తాగేనీరు కూడా వద్దు, అందులో కొంత ఉప్పు మిగిలే ఉంటుంది. ఇంకొకటి, దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పోసి లేపుతామనేవారు ఉన్నారు. నా బ్యాటరీకే ఒకచోట ఆ వైద్యం జరిగింది. వారం రోజులు గుర్రంలా పనిచేసి, తరువాత పూర్తిగా పడుకున్నది. ఇగిరిపోయేది నీరు, ఆమ్లం కాదు. కాబట్టి పోయవలసింది నీరే.

మేత ఎట్లా పెట్టాలి? బండిని నెలల తరబడి నిలపదలచుకుంటే బాడీ తీగ విప్పి పెట్టండి. నెలకొకసారి చార్జరుతో నింపండి. వోల్టుమీటరు ఉంటే 12.6 చూపిస్తే కడుపు నిండినట్లు, 12.4కు దిగితే ఆకలి, 12 అంటే పస్తు. చార్జరు లేనివారు పదిహేను రోజులకొకసారి బండిని అరగంట సేపు నడపండి. ఐదు నిమిషాలు ఊరక ఆడించి ఆపితే, స్టార్టుకు ఖర్చైనది తిరిగి నిండదు, పైగా ఇంజనులో తేమ చేరుతుంది. మన ఎండకు చిన్న సోలారు పలక కూడా చక్కగా పనికివస్తుంది, కాని నడుమ కంట్రోలరు తప్పక ఉండవలెను, లేకుంటే అతిగా మేసి పొట్ట ఉబ్బుతుంది.

బ్యాటరీ కోసం బండి దగ్గరికి పోయినప్పుడు తక్కినవీ ఒక చూపు చూడండి. టైర్లలో గాలి ఉన్నదా, డీజిలు టాంకు నిండుగా ఉన్నదా (సగం ఉంటే లోపల నీరు పడుతుంది), క్లచ్చు తొక్కితే వదులుతున్నదా, ఎలుకలు, ఉడతలు తీగలు కొరికినవా.

గ్రామాలలో తిరిగే వ్యవసాయ సిబ్బందికి ఒక మనవి. విత్తనకాయలు పంచే రోజుల్లో రైతులు ఎట్లాగూ ఒకచోట చేరుతారు. విత్తనశుద్ధి గురించి చెప్పేటప్పుడు, వాన రాకముందే బండి స్టార్టు చేసి చూచుకోమని ఒక మాట చెప్పండి. వోల్టుమీటరు ఖరీదు ఎక్కువ కాదు, ఊరికి ఒకటి ఉన్నా చాలు.

ఎంత మేత పెట్టినా ప్రతి బ్యాటరీకీ ఒక ఆయుష్షు ఉన్నది. ఐపోయినదానిని కొట్టం మూలలో పెట్టుకోవద్దు, పిల్లలు ముట్టుకుంటారు. సీసం విషం, ముఖ్యంగా చిన్నపిల్లల మెదడుకు. ఇంటిదగ్గర పగులగొట్టి సీసం కరిగించడం ఎంతమాత్రం వద్దు, ఆమ్లాన్ని చేలో పారబోయడమూ వద్దు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలన్న నిబంధనలు మన దేశంలో 2001లో వచ్చినవి, వాటి స్థానంలో 2022లో కొత్తవి వచ్చినవి. కొత్తది కొనే అంగడిలోనే పాతది ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించమని అడగండి. బిల్లు వెనుక కొన్న తేదీ మీ చేతితోనే రాసుకొని, దానిని ట్రాక్టరు కాగితాలతో పాటు పెట్టుకోండి. వారంటీ అడిగేటప్పుడు అది అవసరపడుతుంది.